తల్లి కేస్ షీటు ఒకచోట, బిడ్డ కార్డు మరోచోట

సంపాదకులకు నమస్కారం.

లేబర్ రూములో నర్సుగా ముప్ఫై ఏళ్లు పనిచేశాను. బొడ్డుతాడు కోసే ముందు దానికి క్లాంపు (బిగించే క్లిప్పు) వేసేది గైనకాలజిస్టు. నెలలు గడిచాక ఆ బిడ్డ కనురెప్ప కిందికి లాగి, రక్తం తక్కువగా ఉందని చెప్పేది పిల్లల డాక్టరు. క్లాంపు వేయడానికి కనీసం ఒక నిమిషం ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అలా ఆగితే బిడ్డకు ఐరన్ నిల్వలు పెరుగుతాయి. మన దగ్గర తేడా ఎంత వస్తోందో తెలియాలంటే తల్లి కేస్ షీటు, బిడ్డ కార్డు పక్కపక్కన పెట్టి చూడాలి. మా ఆసుపత్రిలో అవి వేర్వేరు బీరువాల్లో ఉండేవి. తాళాలు కూడా వేర్వేరు చేతుల్లోనే!

గైనకాలజిస్టుల సమాఖ్య ఫాగ్సీ 1950 నుంచి, పిల్లల డాక్టర్ల అకాడమీ ఐఏపీ 1963 నుంచి ఉన్నాయి. పుట్టగానే ఏడవని బిడ్డకు తొలి నిమిషంలోనే ఊపిరి అందించే శిక్షణ కోసం ఐఏపీ అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీతో చేతులు కలిపింది. మరి వరండా అవతలి గైనకాలజిస్టులతో కలిసి పరిశోధన చేయడం అంతకంటే కష్టమా? తల్లికీ బిడ్డకీ ఒకే నంబరు ఇచ్చి, రెండు జిల్లాల్లో మొదలుపెట్టినా చాలు. రాసిపెట్టే పని ఎలాగూ నర్సులదే కాబట్టి, ఆ పరిశోధన కోసం వేసే కమిటీలో మాకూ ఒక కుర్చీ వేయండి.

— ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, తెనాలి