ఎనిమిదో తరగతి గొంతులో అరల్ సముద్రం

తల్లిదండ్రులకు నమస్కారం.

పిల్లలు ఇంట్లో ఫ్యాన్ ఆపేసి, తలుపు వేసుకుని ఫోన్‌లో ఏదో మాట్లాడుకుంటున్నారని మీలో కొందరు అడిగారు. అది హోంవర్కే. ఈ టర్మ్ ఎనిమిదో తరగతి సోషల్‌లో పిల్లలే పాడ్‌కాస్ట్‌లు తయారు చేస్తున్నారు. నలుగురిది ఒక జట్టు. ప్రపంచంలో ఏదో ఒక చోటు, అక్కడి ఒక సమస్య, ఐదు నిమిషాల ఆడియో.

ఒక జట్టు మధ్య ఆసియాలోని అరల్ సముద్రాన్ని ఎంచుకుంది. మొదటి స్క్రిప్ట్‌లో "వానల్లేక సముద్రం ఎండిపోయింది, పాపం అక్కడివాళ్లు చాలా పేదవాళ్లు" అని రాశారు. టీచర్ దాన్ని కొట్టేయలేదు. పక్కన "ఇది మీకెలా తెలిసింది?" అని రాసి తిరిగిచ్చారు. ఇక వారమంతా వెతుకులాటే. పేరుకు సముద్రమే గానీ, అరల్ ఒకప్పుడు ప్రపంచంలోనే నాలుగో పెద్ద సరస్సు. 1960ల నుంచి సోవియట్ ప్రభుత్వం అందులో కలిసే ఆమూ దర్యా, సిర్ దర్యా నదుల నీళ్లను పత్తి పొలాలకు మళ్లించింది. నీళ్లు వెనక్కి తగ్గిపోయి, ఉజ్బెకిస్తాన్‌లోని మొయినాక్ రేవులో చేపల పడవలు ఇసుకలో మిగిలిపోయాయి. ఈ భాగం రికార్డు చేస్తున్న అమ్మాయి 'పత్తి' అన్న మాట దగ్గర ఆగి, తన యూనిఫాం కాలర్ పట్టుకుని చూసుకుంది. "మేడమ్, ఇదీ పత్తే కదా!" అంది. ఆ మాటను ఎపిసోడ్‌లో అలాగే ఉంచాం.

"పాపం" మాత్రం వాళ్లే తీసేశారు. 2005లో కజకిస్తాన్ వైపు కోక్-అరల్ ఆనకట్ట పూర్తయ్యాక ఉత్తర భాగంలో నీటిమట్టం పెరిగిందని, చేపలు మళ్లీ వచ్చాయని తెలిశాక ముగింపు కూడా మార్చారు.

ఇదంతా చార్టు మీద రాయిస్తే సరిపోదా అని నేనూ మొదట్లో అనుకున్నాను. చార్టు మీద ఎక్కడిదో పేరా ఎత్తి రాసేయొచ్చు. పైకి చదివితే మాత్రం, అర్థం కాని వాక్యం దగ్గర గొంతు తడబడుతుంది. హెడ్‌ఫోన్స్‌లో అది విన్న పిల్లలే "ఇక్కడ నాకే అర్థం కాలేదు" అని ఆపేస్తున్నారు. ఏ పరీక్షలోనూ వాళ్లు ఆ మాట అనగా నేను వినలేదు. క్లాసులో నోరు విప్పని ఒక అబ్బాయి ఇప్పుడు తన జట్టు ఎడిటింగంతా చూసుకుంటున్నాడు. ఊపిరి తీసుకున్న చోట ఎంత ఖాళీ ఉంచాలో అతనికి బాగా తెలుసు.

దీనికి ఆరు పీరియడ్లు పట్టాయి, ఒక పాఠం వెనకబడింది. వచ్చే నెలలో పూర్తి చేస్తాం.

మీరు చేయవలసింది కొంచెమే. స్క్రిప్ట్ మీరు రాసివ్వకండి, పదం తప్పు పలికినా మళ్లీ మళ్లీ రికార్డు చేయించకండి. వినండి, విన్నాక "ఇది మీకెలా తెలిసింది?" అని టీచర్ అడిగిన ప్రశ్నే మీరూ అడగండి. అక్కడ ఉంటున్నవాళ్లు స్వయంగా చెప్పిన మాట ఒక్కటైనా ఎపిసోడ్‌లో ఉండాలన్నది మా నియమం. అది ఎక్కడ దొరికిందో కూడా అడిగి చెప్పించుకోండి.

ఈ ఆడియోలు బయట ఎక్కడా పెట్టం. తల్లిదండ్రులకు మాత్రమే పంపుతాం. పిల్లల ఇంటిపేర్లు, ఫోటోలు ఉండవు. మీ పిల్లల గొంతు మిగతా తల్లిదండ్రులు వినడం మీకు ఇష్టం లేకపోతే డైరీలో ఒక్క ముక్క రాసి పంపండి. ఆ జట్టు ఎపిసోడ్‌ను క్లాసులోనే వినిపిస్తాం. మార్కులు తగ్గవు. సంతకం చేసిన అనుమతి పత్రం శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కు అందాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు