మా వీధిలో ఫైబర్ కేబుల్ లాగిన తీరుపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

చినుకు పడితే చాలు, మా వీధిలో ఇంటర్నెట్ మోడెమ్‌ల మీద ఎల్‌ఓఎస్ (సిగ్నల్ అందడం లేదని చెప్పే) ఎర్ర లైటు వెలుగుతోంది. ఫోన్ చేస్తే మోడెమ్ ఆపి మళ్లీ వేయమంటున్నారు. లోపం మోడెమ్‌లో లేదు, కేబుల్ లాగిన పద్ధతిలో ఉంది.

మొన్న మీ టెక్నీషియనే ఫైబర్‌లో వచ్చే కాంతి బలాన్ని కొలిచే పవర్ మీటరు పెట్టి చూశాడు. స్తంభం మీది, ఇళ్లకు సిగ్నల్ పంచే స్ప్లిట్టర్ బాక్సులో మైనస్ 19 డీబీఎం, 60 మీటర్ల అవతల ఇంట్లో మైనస్ 27 (మైనస్ అంకె పెరిగినకొద్దీ కాంతి తగ్గినట్టు). మా ఇళ్లలోని జీపాన్ రకం ఫైబర్ మోడెమ్‌కు దాదాపు అదే ఆఖరి హద్దు. ఇంత చిన్న దూరంలో ఫైబర్‌లో పోయేది లెక్కలోకే రాదు. రెండు కనెక్టర్లకు కలిపి 1 డీబీ (కాంతి నష్టానికి కొలత) తీసేసినా మైనస్ 20 రావాలి. మిగతా 7 డీబీ ఎక్కడ పోతోందో బాల్కనీలోకి వచ్చి చూస్తే తెలుస్తుంది.

స్తంభం నుంచి ఇంటికి వచ్చే డ్రాప్ కేబుల్ అంచున ఉండే ఉక్కు తీగే బరువు మోయాలి. ఇంటి దగ్గర ఆ తీగను కేబుల్ నుంచి చీల్చి విడదీసి, క్లాంపులో బిగించి, గోడ హుక్కుకు తగిలించాలి. ఫైబర్ ఉన్న భాగం మీద లాగుడు పడకూడదు. మీవాళ్లు మొత్తం కేబుల్‌నే బాల్కనీ గ్రిల్లుకు ముడేశారు. గాలికి ఊగినకొద్దీ ముడి బిగుసుకుంటోంది. వంపును బాగా తట్టుకునే జి.657ఏ2 రకం ఫైబర్‌కైనా వంపు వ్యాసార్ధం కనీసం 7.5 మిల్లీమీటర్లు ఉండాలి. ముడిలో అంత ఎక్కడుంటుంది? కాంతి అక్కడే బయటికి పోతోంది.

ఇక వాన. కేబుల్ స్తంభం నుంచి ఏటవాలుగా దిగి నేరుగా గోడ రంధ్రంలోకి దూరుతోంది, దాని వెంటే నీళ్లూ దిగి కనెక్టర్‌ను తడుపుతున్నాయి. రంధ్రానికి ముందు కేబుల్‌ను జానెడు కిందికి జార్చి పైకి తిప్పితే నీళ్లు బయటే కారిపోతాయి. స్తంభం మీది బాక్సు మూత లేకుండా వేలాడుతోంది. కేబుళ్లు అడుగు నుంచి, రబ్బరు బిరడాల గుండా లోపలికి వెళ్లాలి.

అన్నిటికన్నా మాకు భయం కలిగించేది మరొకటి. ఉక్కు తీగ ఉన్న కేబుల్‌ను కరెంటు తీగలకు చేరువలో, బైండింగ్ వైరుతో కట్టి వదిలేశారు. అది తెగి కరెంటు తీగ మీద పడితే కేబుల్ పొడవునా కరెంటు వస్తుంది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయారు. వినాయక చవితికి ఈ వీధిలోంచే విగ్రహాలు వెళ్తాయి.

కాబట్టి ముందుగా ఆ కేబుల్‌ను, విద్యుత్ సంస్థ అనుమతితో, కరెంటు తీగలకు తగినంత కిందికి దించి, రోడ్డుకు తగినంత ఎత్తులో క్లాంపులతో బిగించండి. వాడకంలో లేని పాత కేబుళ్లు తీసేయండి. ప్రతి ఇంట్లో ముడి విప్పి, ఆ ముక్క కత్తిరించి, ఫైబర్ కొసలను స్ప్లైసింగ్ మెషిన్‌తో అతకండి. జాయింటుకు 0.1 డీబీ లోపే పోవాలి. పని అయ్యాక పవర్ మీటరు రీడింగు రాసి ఇవ్వండి.

ఈ ఫిర్యాదుకు డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు సంఖ్య) పంపగలరు. పని జరగకపోతే మీ అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేస్తాం.

ఇట్లు,
కాలనీ సంక్షేమ సంఘం సభ్యులు