తీస్తే పొగ, మూస్తే ఉక్క: మా మున్సిపల్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి నమస్కారం.

మాది డంపింగ్ యార్డు పక్క వీధి, రేకుల ఇల్లు. పగలంతా కాగిన రేకు రాత్రి పదకొండు దాటినా చల్లబడదు. కిటికీ తీద్దామంటే యార్డులో చెత్త తగలబడుతుంటుంది. తీస్తే పొగ, మూస్తే ఉక్క. మా అత్తయ్యకు ఆస్తమా. తెల్లవార్లూ గోడకు ఆనుకుని కూర్చునే ఉంటోంది.

చెత్తను ఆరుబయట కాల్చొద్దని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. మామూలుగా కాలిస్తే 5,000, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయల జరిమానా. మరి యార్డే కాలుతుంటే రసీదు ఎవరి పేరున రాయాలి సార్?

బస్టాండు దగ్గర చలివేంద్రం పెట్టారు, ఫోటోలు చూశాం. మూడో రోజుకే కుండలు ఎండిపోయాయి. ఫ్లెక్సీ మాత్రం పదిలంగా ఉంది, దాని నీడలో కుక్క పడుకుంటోంది.

వడదెబ్బతో చనిపోతే కుటుంబానికి 4 లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2025లో ప్రకటించింది. మంచిదే. కానీ బతికుండగా మేం అడిగేవి అంతకంటే చాలా చవక. వీధులు ఊడ్చే అక్కలకు ఉదయం పది గంటలకల్లా డ్యూటీ ముగించండి, చేతికి ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇవ్వండి. మా రేకుల మీద తెల్ల సున్నం కొట్టించండి. 2023లో తెలంగాణలో వచ్చిన కూల్ రూఫ్ (చల్లని పైకప్పు) పాలసీ ఉద్దేశం కూడా అదే కదా. అన్నిటికంటే ముందు, ఆ మంట ఆర్పించండి.

ఒక్కసారి రాత్రి పది దాటాక మా వీధికి రండి. ముందుగా ఎవరికీ చెప్పకండి. చెబితే ఆ ఒక్క రాత్రికి ఆర్పేస్తారు.

ఇట్లు,
యార్డు పక్క వీధి నివాసి