నూనె ప్యాకెట్ మీద లేని మాట

సంపాదకులకు నమస్కారం.

కిరాణా కొట్లో నూనె ప్యాకెట్ల మీద 'కొలెస్ట్రాల్ లేదు' అన్న మాట కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు... గింజల నూనె వేటిలోనూ అది చెప్పుకోదగ్గంత ఉండదు. మాంసం, పాలు, గుడ్డు సొనలో ఉండేది అది. మొదటే లేనిదాన్ని లేదని చాటుకోవడంలో గొప్పేముంది? పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వేననీ (నెయ్యిలా పేరుకునే రకం), రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచి గుండె రక్తనాళాలు పూడుకుపోయేలా చేసేది ఆ కొవ్వేననీ మాత్రం ముందువైపు ఎవరూ రాయరు. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో వెతుక్కోవాలి.

నూనెను వనస్పతిగా గట్టిపరిచేటప్పుడు పుట్టే ట్రాన్స్ కొవ్వు ఇంకా చెడ్డది. 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో అది 2 శాతానికి మించకూడదని నియమం వచ్చింది, సంతోషం. కాచిన నూనె పాడైందనడానికి గుర్తుగా 'టోటల్ పోలార్ కాంపౌండ్స్' (నూనె మళ్లీ మళ్లీ కాగి విరిగినప్పుడు పుట్టే పదార్థాలు) 25 శాతం దాటితే ఇక వాడకూడదన్న నియమమూ 2018 జూలై నుంచి ఉంది. కానీ సాయంత్రం బజ్జీల బండి దగ్గర, నురగ కట్టి నల్లబడిన మూకుడులో ఆ 25 శాతాన్ని కొలిచేదెవరు? (మిరపకాయ బజ్జీ అంటే నాకూ ప్రాణమే, బండివాళ్ల మీద కోపం లేదు. మిగిలిన నూనె పారబోస్తే వాళ్లకు నష్టం.) ఆ నూనెను బయోడీజిల్‌కు కొనే ఏర్పాటును మున్సిపాలిటీలు బండ్ల దాకా తీసుకురావాలి. సంతృప్త కొవ్వు ఎంతో ప్యాకెట్ ముందువైపు తెలుగులో, పెద్దక్షరాల్లో వేయించాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం