వంతు

నిషికసాయ్, టోక్యో

చి.ల.సౌ. అమ్మాయికి, అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరమూ క్షేమం. మార్చి నెలాఖరుకు మీ ముగ్గురి ప్రయాణం ఖాయమైందని అల్లుడు గారు చెప్పినప్పటి నుంచి మీ నాన్నగారు క్యాలెండరును వదలడం లేదు. బుజ్జిగాడిని నేను లెక్కలు చెప్పే మన భారతీయుల బడిలో చేర్పించాలా, లేక పక్క వీధిలో ఉన్న జపాను ప్రభుత్వ బడిలో వేయాలా అని నువ్వు అడిగితే ఫోనులో సరిగా చెప్పలేకపోయాను. మరునాడే నువ్వు, జపాను పిల్లలు బడి వరండా తుడుస్తున్న వీడియో ఒకటి పంపి, "మనవాళ్లు ఎప్పటికి నేర్చుకుంటారమ్మా?" అని రాశావు. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకచోటే ఉందనిపించి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మనవాళ్లు కొత్తగా నేర్చుకోవలసింది తుడవడం కాదమ్మా. నేను చదువుకున్న బడిలోనూ పిల్లలే ఊడ్చేవారు. ఊడ్చి కళ్లాపి చల్లడం ఆడపిల్లల పని, మరుగుదొడ్లు కడగడం ఊరి చివరి వాడ నుంచి వచ్చే పిల్లల పని, కరణం గారి అబ్బాయికి ఏ పనీ ఉండేది కాదు. నేను టీచరునైన తొలి సంవత్సరాల్లో నా తరగతిలోనూ అలాగే జరిగింది, అది తప్పని నాకు తోచను కూడా లేదు. ఇక్కడి ప్రభుత్వ బడిలో రోజూ పదిహేను ఇరవై నిమిషాలు అందరూ ఒకేసారి లేస్తారు. ఎవరు ఎక్కడ తుడవాలో చూపే అట్టచక్రం ఒకటి గోడకు ఉంటుంది, వారానికొకసారి దాన్ని ఒక గడి తిప్పుతారు. చాలా బళ్లలో మరుగుదొడ్డి కూడా ఆ చక్రంలో ఒక గడే, అది డాక్టరు కొడుక్కూ వస్తుంది, కూరగాయల కొట్టువాడి కూతురికీ వస్తుంది. మాస్టారు కూడా గుడ్డ పట్టుకుని వంగి తుడుస్తాడు. ఈ వంతును ఇక్కడ తోబన్ అంటారు. ఈ దేశపు రోజువారీ జీవితంలో ఈ ఒక్క మాట అర్థమైతే సగం అర్థమైనట్టేనని, ఇన్నేళ్లు ఇక్కడ ఉన్నాక, నాకనిపిస్తుంది.

నువ్వు తెనాలిలో అమ్మమ్మ దగ్గర ఇంటరు చదువుతున్న రోజుల్లో తమ్ముడు ఆ పక్క వీధి బడికే వెళ్లేవాడు కదా. మధ్యాహ్న భోజనాన్ని ఇక్కడ క్యూషొకు అంటారు. 1889లో యమగాత ప్రాంతంలోని త్సురుఒకాలో బౌద్ధ సన్యాసులు పేద పిల్లలకు అన్నపు ముద్దలు, ఉప్పు చేప, ఊరగాయ పెట్టడంతో అది మొదలైందని చెబుతారు, 1954లో దానికొక చట్టమే వచ్చింది. వడ్డించేది పిల్లలే. వంతు వచ్చిన వారం తెల్లకోటు, టోపీ, మూతికి గుడ్డ కట్టుకుని గరిటెలు పట్టుకుంటారు. చేపల రసం తగలని వంట ఇక్కడ అరుదు కాబట్టి మనవాడు ఇంటి నుంచి డబ్బా తీసుకెళ్లేవాడు, అందరితో కలిసి తాగేది బడిలో ఇచ్చే 200 మిల్లీలీటర్ల పాలు మాత్రమే. అయినా వడ్డన వంతు వాడికీ తప్పలేదు. తాను తినని కూరను ముప్పైమందికి సమానంగా పంచేవాడు.

వాడు రెండో తరగతిలో ఉండగా ఒక రాత్రి అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎంతో బతిమాలితేగాని నోరు విప్పలేదు. మిసో సూపు గిన్నెను ఇద్దరు పిల్లలు చెరొక చెవీ పట్టుకుని తెస్తుంటే, మనవాడి కాలు జారి సూపంతా వరండా పాలైందట. "మాస్టారు కొట్టారా?" అన్నాను. ముప్పై ఏళ్లు టీచరుగా ఉన్నదాన్ని, నా నోట మొదట వచ్చిన మాట అదే. వాడు వింతగా చూశాడు. తరగతంతా గుడ్డలు తెచ్చి తుడిచారట, తరువాత ఖాళీ గిన్నె పట్టుకుని పక్క తరగతులకు వెళ్లి ఒక్కో గరిటె పోయమని అడిగి తెచ్చుకున్నారట. మరి ఏడుపెందుకు రా అంటే, "మూడు తరగతుల వాళ్లకు నా వల్ల తక్కువైంది" అన్నాడు. ఎవరూ పల్లెత్తు మాట అనకపోయినా, ఏడేళ్ల వాడి గుండెలో అంత బరువు ఎవరు పెట్టారు? ఆ మాట నన్ను మెచ్చుకోనూ ఇవ్వలేదు, తప్పుపట్టనూ ఇవ్వలేదు.

వాడి వంతు ఉన్న వారం శుక్రవారం సాయంత్రం ఆ తెల్లకోటు ఇంటికి వచ్చేది. ఉతికి, ఇస్త్రీ చేసి సోమవారం పంపితే ఆ వారం మరో పిల్లవాడు వేసుకుంటాడు. ముక్కూ ముఖమూ తెలియని బిడ్డ కోసం మెడపట్టీ ముడతలు తీస్తూ, గత వారం వేరే తల్లి ఎవరో మా వాడి కోసం తీసి ఉంటుంది కదా అనుకునేదాన్ని.

వీధిలోనూ ఇదే పద్ధతి. మేము మొదట అద్దెకున్న సందులో చెత్తబండి వచ్చే రోజున కాకులు సంచులు చింపకుండా నీలం వల కప్పడం, బండి వెళ్లాక ఊడ్చి వల మడిచిపెట్టడం ఒక్కో వారం ఒక్కో ఇంటి పని. వంతు అయిపోగానే చెక్క పలక ఒకటి పక్కింటి గుమ్మానికి చేరేది. గుడి కట్టడంలోనూ వంతే, తరం నుంచి తరానికి. ఇసే అనే షింటో పుణ్యక్షేత్రంలోని గుడిని ఇరవై ఏళ్లకొకసారి పక్క స్థలంలో కొత్తగా కట్టి దేవతను తరలిస్తారు, 2013లో జరిగింది అరవై రెండోసారి. ఇరవై ఏళ్ల వయసులో పనిముట్లు అందించినవాడు నలభైలో పని చేసి, అరవైలో పని నేర్పుతాడన్నమాట. మన రాతి గుళ్లు వెయ్యేళ్లు నిలిస్తే అక్కడ నిలిచింది చేతిపని.

ఇదంతా చదివి జపాను స్వర్గమనుకోవద్దు. చర్మం, మాంసం పనులు చేసినవారిని వెలివేసిన చరిత్ర వీరికీ ఉంది. 1871లో ఆ భేదాన్ని ప్రభుత్వం రద్దు చేసినా, వారి వాడల పేరుతో బురాకు అని పిలిచే ఆ వివక్షపై 2016లో మళ్లీ చట్టం చేయవలసి వచ్చింది. అట్టచక్రం బడి గోడ దాటి అంత దూరం తిరగలేదు. తల్లిదండ్రుల సంఘం పని కూడా వంతే గాని, అది పడేది తల్లుల మీదే. తమ్ముడి నాలుగో తరగతిలో చీటీ నా పేరున పడినప్పుడు, నా పరీక్ష పేపర్లు దిద్దడం మానుకుని సెలవు పెట్టవలసి వచ్చింది, మీ నాన్నగారు వెళతానంటే అక్కడివారు నవ్వి ఊరుకున్నారు. ఇక, 2023 విద్యా సంవత్సరంలో ముప్పై రోజులు, ఆపైన బడికి రాని ప్రాథమిక, మాధ్యమిక తరగతుల పిల్లలు 3 లక్షల 40 వేలు దాటారు. వాళ్లందరినీ వంతే తరిమిందని అనను గాని, తప్పించుకునే చోటులేని వరుసలో నిలబడలేని పిల్లలు ఉంటారు.

తమ్ముడు నిలబడ్డాడు, కాని దానికీ ఖరీదు ఉంది. ఆరో తరగతిలో తల్లిదండ్రులు పాఠం చూడవచ్చే రోజున, "అమ్మా, చీర వద్దు, బొట్టు కూడా పెద్దది వద్దు" అన్నాడు. కుంకుమ తుడిచి, కనీకనిపించని చుక్క ఒకటి పెట్టుకుని వెళ్లాను. వాడు వెనక్కి తిరిగి ఒక్కసారి చూసి, తేలికపడ్డట్టు మళ్లీ బోర్డు వైపు తిరిగాడు. ఆ రోజు వాడి మాట వినకుండా ఉండవలసిందా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

అందుకని నా సలహా ఇది. బుజ్జిగాడిని ప్రభుత్వ బడిలోనే వేయండి. విదేశీ పిల్లలకు ఇక్కడ నిర్బంధ విద్య లేదు గాని, వార్డు ఆఫీసులో అడిగితే చేర్చుకుంటారు, ఫీజు ఉండదు, పాఠ్యపుస్తకాలు వారే ఇస్తారు. మా ప్రిన్సిపల్ గారి కంట ఈ ఉత్తరం పడకపోతే మంచిది. ప్రభుత్వ బడి రెండో తరగతిలో తొమ్మిది తొమ్ముల దాకానే ఎక్కాలు చెబుతారు, ఇరవై దాకా నేను ఇంట్లో వల్లె వేయిస్తాను. వాడు ఇంటికి వచ్చి వాగుతున్నంత కాలం ఏ బెంగా పెట్టుకోకు. మాటలు తగ్గించి గోడవైపు తిరిగి పడుకుంటే మాత్రం ఆ రోజే నాకు చెప్పు.

చేరగానే తుడుపుగుడ్డలు రెండు పట్టుకు రమ్మంటారు. జోకిన్ అంటారు వాటిని. వంద యెన్ల కొట్టులో కుట్టినవే దొరుకుతాయి గాని నీళ్లు పీల్చవు. అక్కడి మన బీరువా కింది అరలో మీ నాన్నగారి పాత నేత తువ్వాళ్లు ఉంటాయి, వాటిలో రెండింటిని సూట్‌కేసులో పడేసుకునిరా. నాలుగు మడతలు వేసి, అంచుల వెంటా, మూల నుంచి మూలకూ కుట్టు వేయాలి. మిషను నా దగ్గర ఉంది.

ఆశీస్సులతో,
అమ్మ