శ్రీశైలం గేటుకో ఉత్తర్వు, టర్బైన్‌కో ఉత్తర్వు

సంపాదకులకు,

కృష్ణా జలాల మీద రెండు తెలుగు రాష్ట్రాల వాదన వాటా దగ్గర మొదలై అక్కడే ఆగిపోతోంది. 811 టీఎంసీల్లో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అని 2015లో తాత్కాలికంగా ఒప్పుకున్నారు. పంపిణీ వివాదం బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. అయితే తీర్పు ఎటు వచ్చినా శ్రీశైలంలో రోజువారీ గొడవ తీరదు. అక్కడ ఒకే నీటిని రెండు వేర్వేరు ఉత్తర్వులు కదిలిస్తున్నాయి.

కాలువకు నీరు కావాలంటే రాష్ట్రాలు కృష్ణా నదీ యాజమాన్య బోర్డుకు ఇండెంట్ (ఎంత నీరు కావాలో తెలిపే అభ్యర్థన) పెట్టాలి. బోర్డు సభ్య కార్యదర్శి, రెండు రాష్ట్రాల నీటిపారుదల ఇంజినీర్-ఇన్-చీఫ్‌లు (ఈఎన్‌సీలు) కూర్చునే త్రిసభ్య కమిటీ నిల్వ చూసి ఎవరికెంతో తేలుస్తుంది. ఇది వారాలు, నెలల లెక్క. టర్బైన్ల దారి వేరు. కుడిగట్టున 770 మెగావాట్ల కేంద్రం ఏపీ జెన్‌కోది, ఎడమగట్టున 900 మెగావాట్లది తెలంగాణ జెన్‌కోది. యూనిట్ ఎప్పుడు తిప్పాలో చెప్పేది కరెంటు డిమాండ్‌కు తగ్గట్టు ఉత్పత్తిని నడిపించే ఆ రాష్ట్ర లోడ్ డిస్పాచ్ సెంటర్, అదీ 15 నిమిషాల బ్లాకుల్లో. సాయంత్రం డిమాండ్ ఎగబాకితే నిమిషాల్లో అందుకునేది జలవిద్యుత్తే. గ్రిడ్‌ను నిలబెట్టడం డిస్పాచ్ ఇంజినీరు పని. శ్రీశైలం నుంచి రాయలసీమకు నీరు మళ్లించే పోతిరెడ్డిపాడు రెగ్యులేటర్‌కు 854 అడుగుల మట్టం నిలపాలన్నది ఆయనకు అప్పగించిన బాధ్యత కాదు. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు.

ఎడమగట్టు ఆరు యూనిట్లూ పూర్తిగా నడిస్తే రోజుకు 3 టీఎంసీలకు పైగా కిందికి దిగుతుంది. దిగువన నాగార్జున సాగర్‌లో చోటుంటే అది పోయిన నీరు కాదు. సాగర్ నిండి, పులిచింతల 45.77 టీఎంసీలూ నిండి ఉంటే మాత్రం దారి ప్రకాశం బ్యారేజీకే. దాని నిల్వ 3 టీఎంసీలు. డెల్టాకు ఆ రోజు అవసరం లేకపోతే మిగతాది సముద్రం పాలు.

బయట చర్చకు రాని సంగతి ఒకటుంది. హెడ్ (ఎగువ, దిగువ నీటి మట్టాల మధ్య తేడా) తగ్గేకొద్దీ కరెంటు ఖరీదవుతుంది. 90 శాతం సామర్థ్యం అనుకుంటే, 90 మీటర్ల హెడ్ దగ్గర ఒక టీఎంసీ సుమారు 62 లక్షల యూనిట్లు ఇస్తుంది. హెడ్ 75కు పడితే అదే టీఎంసీకి 52 లక్షలే. అంటే జలాశయం అడుగంటుతూ తాగునీటికి కటకట మొదలైన సమయంలోనే ప్రతి యూనిట్‌కూ ఎక్కువ నీరు ఖర్చవుతుంది. మట్టం 854 కిందికి జారాక తిప్పే టర్బైన్ విషయంలో నీటిపారుదల, విద్యుత్ శాఖలు రెండూ కలిసి సంతకం పెట్టాలనడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇక కొలత. ‘మేం తీసుకుంది ఇంత, వాళ్లు తీసుకుంది అంత’ అన్న లెక్కలు కలవకపోవడం అన్నిసార్లూ మోసం వల్లే కాదు. గేటు ఎత్తును బట్టి ప్రవాహం చెప్పే పట్టికను నీరు అడ్డులేకుండా దూకుతుందన్న లెక్కన వేసి ఉంటే, కాలువలో నీరు వెనక్కి తన్నినప్పుడు అది ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఎత్తిపోతల దగ్గర మోటారు నడిచిన గంటలను రేటెడ్ (పంపు మీద రాసి ఉన్న) సామర్థ్యంతో గుణించేసినా తేడా తప్పదు, మట్టం తగ్గితే పంపు ఎత్తే నీరూ తగ్గుతుంది కాబట్టి. కల్వకుర్తి, హంద్రీ-నీవా, ముచ్చుమర్రి పథకాలు జలాశయం నుంచే తోడుకుంటాయి గనుక కాలువ మీద పెట్టిన మీటరుకు ఇవి చిక్కవు. కొలతలను దూరానికి దానంతటదే పంపే టెలిమెట్రీ స్టేషన్ పెట్టి వదిలేస్తే సరిపోదు. ప్రవాహం మారిన ప్రతిసారీ రెండు రాష్ట్రాల సిబ్బందీ కలిసి నీటి వేగాన్ని ధ్వనితరంగాలతో కొలిచే డాప్లర్ పరికరంతో కొలిచి పట్టిక సరిచేయాలి. టర్బైన్లకైతే కొత్త పరికరమూ అక్కర్లేదు. బ్లాకుల వారీ యూనిట్లు, ఆ సమయానికి ఎగువ, దిగువ మట్టాలు ఉంటే నీరెంత పోయిందో ఎవరైనా లెక్కగట్టవచ్చు. ఆ అంకెలు జెన్‌కోల దగ్గర ఉన్నాయి. బోర్డుకు రోజూ ఇమ్మని అడగాలంతే.

2021 జులై 15న కేంద్రం ఇచ్చిన గెజిట్ ప్రాజెక్టులను బోర్డుకు అప్పగించమంది, ఒక్కో రాష్ట్రం 200 కోట్లు జమ చేయమంది. ఏళ్లు గడిచినా అప్పగింత పూర్తి కాలేదు. ఈలోగా 2023 నవంబరులో సాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. పక్కనే తుంగభద్ర బోర్డు 1953 నుంచి నడుస్తోంది. ఏటా వర్కింగ్ టేబుల్ (నీటి పంపకం పట్టిక) వేస్తుంది, ఇన్‌ఫ్లో మారితే దాన్ని సవరిస్తుంది, లోటొస్తే వాటాల నిష్పత్తిలో పంచుతుంది. అక్కడా తగాదాలున్నాయి, కానీ అందరి ముందూ ఉండే పట్టిక ఒకటే.

పూర్తి అప్పగింత కోసం ఎదురుచూడకుండా ఒక పని చేయవచ్చు. ప్రతి సాయంత్రం మరుసటి రోజుకు శ్రీశైలం, సాగర్‌లకు ఒకే షెడ్యూల్ తయారు కావాలి. కాలువలకు ఎన్ని క్యూసెక్కులు, టర్బైన్లకు ఎన్ని, ఏ గంట నుంచి ఏ గంట దాకా, ఏ మట్టం దగ్గర ఆపాలి, ఇవన్నీ ఒక్క కాగితం మీద ఉండాలి. దాని మీద రెండు ఈఎన్‌సీలతో పాటు రెండు డిస్పాచ్ సెంటర్ల ప్రతినిధులూ సంతకం చేయాలి. రోజుకు ఒక టీఎంసీ అంటే 11,574 క్యూసెక్కులు గనుక తేడా ఎక్కడొచ్చిందో మర్నాడు పొద్దునకే తెలిసిపోతుంది. గ్రిడ్ అత్యవసరమైతే డిస్పాచ్ సెంటర్ షెడ్యూల్ దాటవచ్చు, కానీ దాటిన నీటిని ఆ రాష్ట్రం ఖాతాలో అదే రోజు రాయాలి. వరద రోజుల్లో ఇదే కాగితం కేంద్ర జలసంఘం అంచనాతో కలిపి దిగువ జిల్లాల కలెక్టర్లకు వెళ్లాలి.

నీటి సంవత్సరం జూన్ 1న మొదలవుతుంది. త్రిసభ్య కమిటీలో ఇద్దరు డిస్పాచ్ అధికారులను శాశ్వత ఆహ్వానితులుగా చేర్చే తీర్మానాన్ని బోర్డు మే నెల లోపే చేయాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు