అమ్మమ్మకి కూడా చెకప్ ఉంటుందండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆదివారం పేజీల్లో అప్పుడప్పుడూ వస్తుంటుంది చూడండి, మనవలతో గడిపితే పెద్దవాళ్లకి ఆరోగ్యం, తోచకపోవడం ఉండదు, మనసు హుషారుగా ఉంటుంది అని, పక్కన ఒక ఫొటో, తెల్లజుట్టు ఆవిడ పిల్లాణ్ణి గాల్లోకి ఎత్తి నవ్వుతూ ఉంటుంది. ఆ ఫొటోలో నాకు ముందు కనిపించేది ఆవిడ మణికట్టు. నాకు కీళ్లవాతం, డాక్టర్లు రుమటాయిడ్ అంటారు. వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదల కాదిది, రోగాలతో పోరాడాల్సిన ఒంట్లో శక్తి అడ్డం తిరిగి మన కీళ్ల మీదే పడే జబ్బు. "ఈ వయసులో అందరికీ ఉండేదే కదమ్మా, నూనె రాసుకో" అనేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే ఇంత విడమర్చి చెప్తున్నా.

మాది మర్రిపాలెం. అమ్మాయీ అల్లుడూ ఇద్దరూ రుషికొండ వైపు ఐటీ ఉద్యోగాలు, పొద్దున్న వెళ్తే చీకటి పడ్డాకే రావడం, హనుమంతవాక దగ్గర ట్రాఫిక్ ఎలా ఉంటుందో విశాఖలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. మా ఆయన కంచరపాలెంలో షాపుకి వెళ్లిపోతారు. ఇంక ఇంట్లో నేనూ, రెండేళ్లు దాటిన మా మనవడూ. ఒక మాట ముందే చెప్పేస్తా, వాడు నాకు బరువు కాదు, అంటే కేజీల్లో బరువే అనుకోండి, పన్నెండు దాటాడు. ఎవరూ బలవంతంగా నాకు అంటగట్టలేదు, నేనే చూస్తానన్నా, ఇప్పుడూ అదే అంటా.

ఈ జబ్బు ఉన్నవాళ్లకి పొద్దుటి పూటే నరకం. లేచాక గంటసేపు, ఒక్కోరోజు ఇంకా ఎక్కువ, వేళ్లు బిగుసుకుపోయి గుప్పెట మూసుకోదు. పసిపిల్లాడున్న ఇంట్లో పనులన్నీ సరిగ్గా ఆ టైంకే వచ్చి పడతాయి, పాలసీసా మూత తియ్యాలి, డైపర్ స్టిక్కర్ లాగాలి, కుక్కర్ మూత తిప్పాలి. బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు పోసుకుని చేతులు పెట్టుకు కూర్చుంటానా, వాడొచ్చి ప్లాస్టిక్ బాతుని అందులో పడేసి నా వేళ్ల మధ్యలోంచి ఈదిస్తాడు, తీసేస్తే ఏడుపు, సరే కానీ అని దాన్ని పట్టుకోవడం వదలడం, పట్టుకోవడం వదలడం, ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పిన స్పాంజి పిండే ఎక్సర్‌సైజు కంటే ఇదే ఎక్కువసేపు అవుతోంది. ఎత్తుకోవడం మానేశాను. దివాన్ పక్కన ఒక పీట వేశాం, వాడే ఎక్కి ఒళ్లోకి వచ్చేస్తాడు. బొత్తాల చొక్కాలన్నీ బీరువాలోకి పోయాయి, టీషర్టులూ ఎలాస్టిక్ నిక్కర్లే, పెళ్లిళ్లకి పట్టుచొక్కా తొడగడం వాళ్ల నాన్న డ్యూటీ. బీచ్‌కి వెళ్తే, అక్కడ మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్దాం అని ఒకటే గొడవ, అందులో ఆ గుండ్రటి తలుపులు వంగి దాటడం నావల్ల కాదు, అదీ వాళ్ల నాన్నే.

ఇవన్నీ ఏదోలా అయిపోతున్నాయి. నేను ఉత్తరం రాస్తున్నది వీటి గురించి కాదు, చెకప్ రోజు గురించి.

ఈ జబ్బుకి నేను వాడేది మెథోట్రెక్సేట్ అనే మాత్ర. రోజూ కాదు, వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర. ఆ మందు వాడుతున్నంతకాలం రక్తకణాలు, లివర్, కిడ్నీ టెస్టులు మధ్యమధ్యలో చేయిస్తూనే ఉండాలి, రిపోర్టు చూసి డాక్టర్ డోసు పెంచుతారో తగ్గిస్తారో. అంటే బాగున్నా సరే ఆసుపత్రికి వెళ్లాల్సిందే, ఇది బాగోనప్పుడు వెళ్లే జబ్బు కాదు. నేను చూపించుకునే చోట, పేరు ఎందుకులెండి, ఎక్కడైనా ఇంతే, ఓపీ పొద్దున్నే. టోకెన్‌కి లైను, బ్లడ్ ఇవ్వడానికి ఇంకో లైను, రిపోర్టు కోసం వెయిటింగ్, మళ్లీ డాక్టర్ గది ముందు వెయిటింగ్. పిల్లాణ్ణి వెంట తీసుకెళ్లామా, దగ్గేవాళ్ల మధ్య వాడు బల్లల కింద పాకుతాడు. వదిలి వెళ్దామా, ఎవరి దగ్గర? అమ్మాయి లీవు పెట్టాలి. లీవు అడిగితే ఆఫీసులో "మీ అమ్మగారు ఉన్నారు కదా బాబుని చూడ్డానికి" అన్నారట. ఆ అమ్మగారికే చెకప్ అని చెప్తే వాళ్లకి అర్థం కావడానికి కాసేపు పట్టిందట. ఇలా అవుతుంటే ఏం చేస్తాం, ఈ వారం వద్దులే వచ్చే వారం వెళ్దాం అని వాయిదా వేస్తాం. నాలాంటివాళ్లు ఎంతమంది టెస్టులు వాయిదా వేసుకుంటూ మందు మాత్రం మింగేస్తున్నారో ఆ దేవుడికే తెలియాలి.

మా వీధిలోనే ఇంకొకావిడ ఉన్నారు, వారానికి మూడుసార్లు డయాలసిస్, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు మిషన్ మీద. కొడుకు కూతుర్ని ఆవిడే చూస్తారు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేసిన చెయ్యి మీద బరువు పడకూడదు, నొక్కుకోకూడదు, బీపీ కూడా ఆ చేతికి చూడరు. ఆ పిల్లకేమో చిన్నప్పట్నించీ నాన్నమ్మ ఎడమ చెయ్యే తలగడ. చెయ్యి మార్పించడానికి తల ప్రాణం తోకకొచ్చిందట. ఇప్పుడు ఆ చెయ్యికి చెవి ఆనించి లోపల జుయ్యిమని మోటారు తిరుగుతోంది అని వచ్చినవాళ్లందరికీ వినిపిస్తుంది. డయాలసిస్ వాళ్లకి నెలకి 10,000 పింఛను ఇస్తున్నారు, మంచి పనే, కాదనను. కానీ ఆ నాలుగు గంటలూ పిల్ల ఎక్కడుండాలి అంటే ఇప్పటికీ పక్కింటివాళ్లే దిక్కు.

చట్టం లేదా అంటే ఉంది. ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961 నాటిది, దానికి 2017లో సవరణ చేసి 50 మందీ అంతకు పైనా పనిచేసే చోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలన్నారు, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చన్నారు. 2020లో తెచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఆ 50 మంది మాట అలాగే ఉంది. మా అమ్మాయి ఆఫీసులో జనం అంతకు ఎన్నో రెట్లు. క్రెష్ ఏదమ్మా అంటే "టై అప్ ఉంది" అంటారట, ఆ టై అప్ ఉన్నది ఊరికి ఇంకో చివర, ఫీజు మనదే. ఒక్క ఆఫీసు అనే కాదు, ఇంట్లో అమ్మమ్మో నాన్నమ్మో ఉందిలే అన్న ధీమా మీదే నడుస్తున్నాయి చాలా ఆఫీసులు. మేం జీతం లేని ఆయాలం, పైగా మందులు మా సొంత డబ్బుతో.

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. 1975లో మొదలైన పథకం, మా అమ్మాయి కూడా అక్కడ ఉప్మా తిన్నదే, నాకు వాటి మీద గౌరవమే. కానీ అక్కడ ప్రీస్కూల్ మూడేళ్ల నుంచి. మూడేళ్ల లోపు పిల్లలకి ఇంటికి సరుకులు ఇస్తారు, పిల్లాణ్ణి ఉంచుకోరు. మూడేళ్ల లోపే కదా ఎత్తుకోవాల్సింది, కడగాల్సింది, వెనకాల పరిగెత్తాల్సింది! కేంద్రం పాల్నా అని ఒక పథకం పెట్టింది, అంగన్‌వాడీలోనే క్రెష్ నడపడం, ఆరు నెలల పిల్లల నుంచి తీసుకోవచ్చు. అది మా వార్డుల్లోకి రావాలి. వచ్చినప్పుడు ఉద్యోగం చేసే తల్లి పిల్లలకి మాత్రమే, నెలంతా రోజూ వచ్చేవాళ్లకి మాత్రమే అని గిరి గీసుకోకుండా, ఆసుపత్రి చీటీ చూపించినవాళ్ల పిల్లల్ని ఒక్క పూట ఉంచుకునే వీలు పెట్టాలి. ఒక్క పూట చాలండీ. పిల్లాడికి కొత్త లేకుండా ముందే ఓ నాలుగు రోజులు కాసేపు కూర్చోబెట్టి అలవాటు చేస్తాం, ఆ పూటకి ఏదో కొంత కట్టమన్నా కడతాం.

ఇది మా వాకింగ్ బ్యాచ్‌లో చెప్తే ఒకాయన, ఆసుపత్రిలోనే ఒక గది పెట్టి ఆయాని పెడితే సరిపోతుంది కదా అన్నారు. నాకు నచ్చలేదు. జబ్బులున్న చోటికి జబ్బు లేని పిల్లల్ని తోలుకెళ్లడం ఎందుకు? వాడికి అక్కడ జలుబు అంటుకుంటే మర్నాటికి అది నాకే. మాకిచ్చే మందులు ఇమ్యూనిటీ తగ్గించేవి, పిల్లాడికి మూడు రోజుల్లో తగ్గే దగ్గు నాకు నెల తినేస్తుంది. జ్వరం వస్తే ఆ వారం మాత్ర వేసుకోవాలా వద్దా అని మళ్లీ డాక్టర్‌కి ఫోను, ఆపమంటే ఆ తర్వాత కీళ్లు పగబట్టినట్టు వాస్తాయి. కాబట్టి ఇంటికి దగ్గర్లోనే, వార్డులోనే ఉండాలి.

డెబ్భై దాటినవాళ్లకి ఆయుష్మాన్ కార్డు 2024 నుంచి ఇస్తున్నారు, సంతోషం, నాకు ఆ వయసు రాలేదు, వచ్చినా అది మంచం మీద పడి అడ్మిట్ అయితే పనికొచ్చేది, ఈ నెలనెలా టెస్టులకీ ఓపీకీ కాదు. మేం మంచం మీద పడకుండా ఉండడానికే కదా ఈ టెస్టులు.

ఇళ్లల్లో పిల్లలకి కూడా ఒకటి చెప్పాలి, మా అమ్మాయి చదివినా పర్లేదు. అమ్మ చెకప్ డేటు మీ ఫోన్ క్యాలెండర్లో పెట్టుకోండి. బాబు వ్యాక్సిన్ డేట్లు ఎంత శ్రద్ధగా పెట్టుకున్నారు! మేమై మేము అడగం, అడిగితే బాబుని ఎక్కడ డేకేర్‌లో వేసేస్తారో అని ఒక భయం కూడా ఉంటుంది మాలో, నొప్పి ఉన్నా లేదంటాం. "బాగానే ఉన్నావా" అంటే బాగానే ఉన్నాననే చెప్తాం, కాబట్టి అలా అడక్కండి, "లాస్ట్ టెస్ట్ ఎప్పుడు చేయించావు" అని అడగండి.

ఆఖరుగా మెడికల్ షాపులవాళ్లకి ఒక రిక్వెస్ట్. స్ట్రిప్‌ని కత్తెరతో ముక్కలు చేసి ఇచ్చేటప్పుడు పేరూ ఎక్స్‌పైరీ డేటూ మీ దగ్గర మిగిలిన ముక్క మీదే ఉండిపోతున్నాయి. మా చేతికొచ్చేది వట్టి వెండిరంగు రేకు. వారానికి ఒకటి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది, కళ్లజోడు లేని టైంలో ఏది ఏదో మాకెలా తెలుస్తుంది? పైగా మేం వేసుకునేది చూసి "నాకూ మాత్ర" అని చెయ్యి చాపే గుంటడు ఇంట్లో ఉన్నాడు. నేనైతే దేవుడి గూడు పైన స్టీలు డబ్బాలో పెట్టి, ఆ డబ్బా మూత నా వేళ్లతో రాక మా ఆయన షాపు నుంచి వచ్చేదాకా ఆగుతున్నా. దయచేసి కవరు మీద మందు పేరు, దాని కింద వారానికి ఒక్కసారే అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసివ్వండి, పెన్ను మీ జేబులోనే ఉంటుంది కదా.

ఇట్లు,
ఒక అమ్మమ్మ,
మర్రిపాలెం, విశాఖపట్నం